గదిలో కొట్టిన గోల్ఫ్ బంతి ఎంత తిరిగింది? ఇండోర్ బంతుల వెనక లెక్క

గదిలోనే గోల్ఫ్ ఆడించే సిమ్యులేటర్‌లో డ్రైవర్‌తో, అంటే అన్నిటికంటే దూరం కొట్టే పొడుగాటి గోల్ఫ్ కర్ర (క్లబ్)తో, ఒక షాట్ కొడితే బంతి 230 గజాలు వెళ్లిందని చూపిస్తుంది. నిజానికి అది వెళ్లింది మహా అయితే మూడు మీటర్లు. ఎదురుగా ఉన్న తెరకో, నెట్‌కో తగిలి కింద పడిపోయింది. మిగతా దూరమంతా కంప్యూటర్ లెక్కగట్టి గీసిన బొమ్మ. ఆ బొమ్మను ఎంత నమ్మొచ్చు? ఆ మూడు మీటర్లలో యంత్రం ఏది కళ్లారా చూసిందో, ఏది చూడలేక ఊహించిందో తెలిస్తేనే చెప్పగలం.

ఊహకు ఎక్కువగా దొరికిపోయే నంబర్ ఒకటుంది. అది స్పిన్, అంటే బంతి తిరుగుడు. అందుకే కొన్నేళ్లుగా బంతుల కంపెనీలూ, బంతి క్లబ్‌ను వదిలిన తీరును కొలిచే యంత్రాల (లాంచ్ మానిటర్ల) కంపెనీలూ కలిసి ఇండోర్ కోసం ప్రత్యేకంగా బంతులు తెస్తున్నాయి. కొన్నిటికి రాడార్‌కు కనిపించే గుర్తు కవర్ కింద దాగి ఉంటుంది. ఇంకొన్నిటికి కెమెరాకు కనిపించే ముద్ర కవర్ మీదే ఉంటుంది. రెండిటినీ కలిపి ‘సిమ్యులేటర్ బంతులు’ అనేస్తుంటారు. చాలా గందరగోళం అక్కడే మొదలవుతుంది. ఒక రకం యంత్రానికి ప్రాణం పోసే బంతి, ఇంకో రకం యంత్రానికి మామూలు బంతి కంటే రవ్వంత కూడా ఎక్కువ పనికి రాదు.

స్పిన్‌తోనే ఎందుకు చిక్కు

బంతి ఎక్కడ పడుతుందో లెక్కగట్టాలంటే క్లబ్‌ను వదిలిన క్షణంలో దాని వేగం, ఎంత కోణంలో పైకి లేచింది, కుడికా ఎడమకా, ఎంత తిరుగుతోంది అనేవి తెలియాలి. మొదటి మూడింటికీ మూడు మీటర్లు సరిపోతాయి. బంతి ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదిలింది కాబట్టి వేగమూ దిశా తేలిగ్గానే దొరుకుతాయి. సాధారణ వాడకానికి వచ్చే చిన్న యంత్రాలు కూడా ఈ మూడింట్లో బాగానే నెగ్గుకొస్తాయి.

స్పిన్ వేరే వ్యవహారం. అందులో రెండు విషయాలున్నాయి: నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోంది, ఏ ఇరుసు చుట్టూ తిరుగుతోంది. బ్యాక్‌స్పిన్, సైడ్‌స్పిన్ అని రెండు పేర్లు వాడతాం గానీ బంతి ఒకేసారి రెండు రకాలుగా తిరగదు. దానికి ఒకటే ఇరుసు. ఆ ఇరుసు నేలకు సమాంతరంగా ఉంటే బంతి తిన్నగా పైకి లేస్తుంది. ఒక పక్కకు వాలితే గాలిలో ఆ పక్కకే వంపు తిరుగుతుంది. బంతిని పైకి ఎత్తిపట్టే శక్తి, పక్కకు లాగే శక్తి రెండూ ఈ తిరుగుడు వల్ల వచ్చేవే. కాబట్టి స్పిన్ నంబర్ తప్పితే దూరం, ఎత్తు, నేల మీద పడే కోణం, పడ్డాక దొర్లేది అన్నీ దానితో పాటే తప్పుతాయి.

కొన్నేళ్ల కిందట లాంచ్ మానిటర్ల కంపెనీ ట్రాక్‌మ్యాన్ ప్రచురించిన పీజీఏ టూర్ (అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీలు) సగటులు చూస్తే తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. డ్రైవర్‌తో బంతి వేగం గంటకు 167 మైళ్లు, స్పిన్ 2,686 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు). 7 ఐరన్ అనే మధ్యస్థ క్లబ్‌తో 120 మైళ్లు, 7,097 ఆర్‌పీఎం. ఇంకా పొట్టిదైన పిచింగ్ వెడ్జ్‌తో 102 మైళ్లు, 9,304 ఆర్‌పీఎం. అంటే క్లబ్ పొడుగు పెరిగే కొద్దీ బంతి వేగంగా వెళ్తుంది, తక్కువ తిరుగుతుంది. ఇండోర్‌లో కష్టమంతా ఈ రెండూ కలవడం వల్లే వస్తుంది.

రాడార్‌కు గుండ్రటి బంతి ఒక సమస్య

గోల్ఫ్ రాడార్ల మూలాలు సైనిక రంగంలో ఉన్నాయి. ఆకాశంలో దూసుకుపోయే గుండును ఆఖరి దాకా వెంబడించడానికి పుట్టిన సాంకేతికత అది. 1989లో దక్షిణాఫ్రికాలో మొదలైన ఫ్లైట్‌స్కోప్, 2003లో డెన్మార్క్‌లో మొదలైన ట్రాక్‌మ్యాన్ దాన్ని గోల్ఫ్‌లోకి తెచ్చాయి. ఆరుబయట ఇది అద్భుతంగా పని చేస్తుంది, ఎందుకంటే బంతి ఐదారు సెకన్లు గాలిలో ఉంటుంది. రాడార్ ఆ సేపంతా దాన్ని వింటూనే ఉంటుంది. గదిలో ఆ అవకాశం లేదు.

రాడార్ పంపిన తరంగం బంతికి తగిలి వెనక్కి వస్తుంది. బంతి దూరంగా పోతోంది కాబట్టి తిరిగొచ్చిన తరంగం పౌనఃపున్యం కాస్త తగ్గుతుంది. దీన్నే డాప్లర్ మార్పు అంటాం. 24 గిగాహెర్ట్జ్ రాడార్, సెకనుకు 75 మీటర్ల వేగంతో వెళ్లే బంతి అనుకుంటే ఆ మార్పు దాదాపు 12,000 హెర్ట్జ్. ఇది స్పష్టంగా వినిపించే సంకేతం. వేగం పట్టుకోవడం రాడార్‌కు చిటికెలో పని.

స్పిన్ పట్టుకోవాలంటే ఆ ప్రతిధ్వనిలో ఇంకో చిన్న ఊగిసలాట వినిపించాలి. బంతి ఒక చుట్టు తిరిగినప్పుడల్లా సంకేతం ఒకసారి బలపడి, ఒకసారి బలహీనపడితే, ఆ ఊగిసలాటలను లెక్కపెడితే చాలు. కానీ అన్ని వైపులా ఒకేలా ఉండే బంతి తిరిగినా తిరగకపోయినా ప్రతిధ్వని ఒక్కటే. ఒకే రంగు పూసిన బొంగరం నిలకడగా తిరుగుతుంటే కదలనట్టే కనిపిస్తుంది; దాని మీద సుద్దతో ఒక గీత గీస్తేనే తిరుగుతోందని కంటికి తెలుస్తుంది. రాడార్ ముందు మామూలు గోల్ఫ్ బంతిది కూడా ఆ పరిస్థితే.

మరి బంతి మీద వందల కొద్దీ చిన్న గుంటలు, అంటే డింపుల్స్, ఉన్నాయి కదా, అవి గుర్తుల్లా పనికిరావా అని అడగొచ్చు. కెమెరాకైతే పనికొస్తాయి, రాడార్‌కు రావు. 24 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12.5 మిల్లీమీటర్లు. డింపుల్ లోతు మిల్లీమీటర్‌లో పావు వంతు ఉంటుంది. అంత పెద్ద తరంగానికి అంత చిన్న గుంట ఉన్నా లేనట్టే. పైగా బంతి లోపలంతా రబ్బరు, ప్లాస్టిక్ పదార్థాలు. రాడార్ తరంగాలను బలంగా వెనక్కి కొట్టే లోహం అందులో లేదు. అయినా ఆరుబయట మామూలు బంతి స్పిన్‌ను రాడార్లు కొలుస్తున్నాయంటే కారణం, ఏ బంతీ అక్షరాలా సమానంగా ఉండదు. ఆ అతి చిన్న అసమానత వల్ల వచ్చే బలహీనమైన ఊగిసలాటను, చాలాసేపు వినే వీలుంది కాబట్టి, అనవసరపు రొదలోంచి వేరు చేయగలుగుతున్నాయి.

ఇక గదిలో ఎంతసేపు వినే వీలుంటుందో చూద్దాం. పైన చెప్పిన డ్రైవర్ షాట్‌లో బంతి మూడు మీటర్లు దాటడానికి పట్టేది సెకనులో 25వ వంతు, అంటే 40 మిల్లీసెకన్లు. 2,686 ఆర్‌పీఎం అంటే సెకనుకు 45 చుట్లు. కాబట్టి తెరకు తగిలే లోపు బంతి రెండు చుట్లు కూడా పూర్తిగా తిరగదు! రెండు పౌనఃపున్యాలను విడదీసి చెప్పాలంటే వాటిని వినే సమయం సరిపోవాలి. ఒక సెకను వింటే ఒక హెర్ట్జ్ తేడా తెలుస్తుంది, స్పిన్‌లో అది 60 ఆర్‌పీఎం. 40 మిల్లీసెకన్లు వింటే తెలిసే తేడా 25 హెర్ట్జ్, అంటే 1,500 ఆర్‌పీఎం. కొలవాల్సిందే 2,700 అయినప్పుడు 1,500 తేడాతో కొలవడం కొలత అనిపించుకోదు. సాఫ్ట్‌వేర్ తెలివిగా లెక్కగట్టి దీనికంటే మెరుగ్గానే చేస్తుంది, కానీ అలా చేయాలన్నా దానికి బలమైన, శుభ్రమైన సంకేతం కావాలి. గుర్తు లేని బంతి సరిగ్గా అదే ఇవ్వలేదు.

అదే మూడు మీటర్లలో 7 ఐరన్ బంతి ఆరున్నర చుట్లు, పిచింగ్ వెడ్జ్ బంతి పది చుట్లు తిరుగుతాయి. అందుకే ఒకే గదిలో, ఒకే యంత్రంతో వెడ్జ్ స్పిన్ నమ్మకంగా ఉండి డ్రైవర్ స్పిన్ మాత్రం తేడాగా ఉండటం మామూలే. యంత్రం పాడైందని కంగారు పడాల్సిన పని లేదు, ఆ చుట్ల లెక్క అలాంటిది.

ఇరుసు వాలు సంగతి ఇంకా కష్టం. ఆరుబయట రాడార్ దాన్ని బంతి దారిలోని వంపు నుంచి రాబట్టుకుంటుంది. మూడు మీటర్లలో వంపు ఎంత ఉంటుంది? డ్రైవర్ షాట్‌కు ఇరుసు పది డిగ్రీలు వాలిందనుకుని ఉజ్జాయింపుగా లెక్క వేస్తే, బంతి పక్కకు జరిగేది దాదాపు రెండు మిల్లీమీటర్లు. గోల్ఫ్ బంతి వ్యాసమే దాదాపు 43 మిల్లీమీటర్లు. 200 గజాల అవతల చెట్లలోకి వెళ్లబోయే స్లైస్ (పక్కకు బాగా వంగిపోయే షాట్) కూడా నెట్‌కు తగిలే సమయానికి తిన్నటి షాట్‌లానే ఉంటుంది.

కొలవలేనప్పుడు ఏం చేస్తుంది

స్పిన్ దొరకకపోతే చాలా యంత్రాలు ఆ గడిని ఖాళీగా వదలవు. క్లబ్ వేగం, బంతి వేగం, లాంచ్ కోణం, క్లబ్ ముఖానికీ అది కదిలిన దారికీ మధ్య కోణం, ఇవన్నీ చూసుకుని ‘ఇలా కొడితే సాధారణంగా ఇంత స్పిన్ వస్తుంది’ అని ఒక నంబర్ పెట్టేస్తాయి. ట్రాక్‌మ్యాన్ ఇలా అంచనా వేసిన స్పిన్‌ను వాలు అక్షరాల్లో చూపిస్తుంది. అది చెప్పుకోదగ్గ మర్యాద. తక్కువ ధర యంత్రాలతో వచ్చే యాప్‌లలో కొలిచినదీ ఊహించినదీ పక్కపక్కనే ఒకే ముఖంతో కూర్చోవడం కద్దు.

అంచనా అంటే తప్పనుకోనక్కర్లేదు. క్లబ్ మధ్యలో సరిగ్గా తగిలిన షాట్‌కు అది బాగా దగ్గరగానే వస్తుంది. ఇబ్బందల్లా సరిగ్గా తగలని షాట్‌తోనే. డ్రైవర్ ముఖంలో పైభాగాన తగిలితే స్పిన్ బాగా తగ్గుతుంది, కిందిభాగాన తగిలితే పెరుగుతుంది. టో (ముఖం బయటి కొన) వైపో, హీల్ (కాడకు దగ్గరి కొన) వైపో తగిలితే ఇరుసు వాలిపోతుంది. బంతి ఎక్కడ తగిలిందో తెలియని యంత్రం ఇవేవీ లెక్కలోకి తీసుకోలేదు. బంతి కవర్ మెత్తటి యురేథేనా, గట్టి అయోనమరా అన్నది కూడా దానికి తెలియదు. వెడ్జ్ షాట్లలో ఈ ఒక్క తేడా వల్లే స్పిన్ చాలా మారుతుంది. అంటే ఆటగాడు తెలుసుకోవాలని వచ్చిన తేడాలనే అంచనా చదును చేసేస్తుంది. చదును చేసిన నంబర్లు చూడ్డానికి బాగుంటాయి కూడా. పది షాట్లు కొడితే పదీ 2,600కి అటూ ఇటూ. నా మటుకు నాకు, మామూలు ఆటగాడి డ్రైవర్ స్పిన్ అంత క్రమశిక్షణగా కనిపిస్తే ముందు అనుమానం రావాలి, ఆనందం తర్వాత.

స్టిక్కర్ నుంచి కవర్ కింది గుర్తు దాకా

రాడార్‌కు కనిపించే సుద్దగీత ఏమిటి? లోహం. ఇండోర్‌లో రాడార్ వాడేవాళ్లు మొదట్నుంచీ చేస్తున్న పని, బంతి మీద చిన్న లోహపు చుక్క అంటించడం. ఫ్లైట్‌స్కోప్ మీవో లాంటి యంత్రాల వాళ్లకు ఈ చుక్కలు బాగా పరిచయం. బంతి తిరిగినప్పుడల్లా చుక్క రాడార్ వైపు వచ్చి మెరుస్తుంది, వెనక్కి వెళ్లి మాయమవుతుంది. ఊగిసలాట ఒక్కసారిగా బలపడుతుంది. కారుచవకైన ఉపాయం, నిజంగానే పని చేస్తుంది.

కాకపోతే వాడటం ఒక తలనొప్పి. చుక్క ఎటు ఉండేలా బంతిని పెట్టామన్నది ముఖ్యం. బంతికి సరిగ్గా పక్కన, అంటే ఇరుసు కొన దగ్గర చుక్క ఉంటే, బంతి ఎంత తిరిగినా అది ఉన్న చోటే గిరగిరా తిరుగుతుంది తప్ప ముందుకూ వెనక్కీ రాదు. అప్పుడు చుక్క ఉన్నా లేనట్టే. అందుకే ప్రతి షాట్‌కూ బంతిని చూసి, తిప్పి పెట్టుకోవాలి. అదీ కాక గట్టిగా నాలుగు దెబ్బలు పడితే చుక్క ఊడిపోతుంది, లేదా అంచు లేచి నెట్‌కు తగులుకుంటుంది. సాధన మధ్యలో స్టిక్కర్లు అంటించుకుంటూ కూర్చుంటే స్వింగ్ మీద ధ్యాస ఎక్కడుంటుంది?

బంతుల కంపెనీ టైటిలిస్ట్ 2022లో తెచ్చిన ప్రో వీ1 ఆర్‌సీటీ, ప్రో వీ1ఎక్స్ ఆర్‌సీటీ బంతులు ఈ తలనొప్పికి జవాబు. ఆర్‌సీటీ అంటే రాడార్ క్యాప్చర్ టెక్నాలజీ. ట్రాక్‌మ్యాన్‌తో కలిసి చేసిన పని ఇది. రాడార్‌ను ప్రతిఫలించే గుర్తును కవర్ కింద పెట్టేశారు. పైకి చూస్తే మామూలు ప్రో వీ1 లాగే ఉంటుంది, పక్కన ఆర్‌సీటీ అనే అక్షరాలు తప్ప. ఊడేది లేదు, ప్రతిసారీ తిప్పి పెట్టుకునే పని లేదు. మామూలు ప్రో వీ1తో పోలిస్తే ఆటతీరులో తేడా లేకుండా చేశామని కంపెనీ చెబుతోంది. ఇంజనీరింగ్‌లో అసలు కష్టం అదే: గుర్తు రాడార్‌కు గట్టిగా కనిపించాలి, కానీ బంతి బరువు ఒక పక్కకు ఒరగకూడదు. ఒరిగితే గాలిలో గతి తప్పుతుంది. కొలవడం కోసం బంతిని మార్చి, ఆ మార్పు వల్ల కొలవాల్సిన విషయమే మారిపోతే ఏం లాభం?

ఈ బంతి ఏం మార్చలేదో కూడా చెప్పుకోవాలి. సమయం మారలేదు. డ్రైవర్ బంతి మూడు మీటర్లలో ఇప్పటికీ రెండు చుట్ల లోపే తిరుగుతుంది. మారింది సంకేతం బలం. అందుకే బంతి నుంచి తెరకు దూరం ఎంత ఎక్కువుంటే ఆర్‌సీటీ బంతి కూడా అంత బాగా పలుకుతుంది. గది పొడవు అందుకు కుదరకపోతే, ఎంత మంచి బంతి కొన్నా ఆ లోటు కొంత మిగిలే ఉంటుంది.

కెమెరా కథ వేరు

కెమెరాతో పని చేసే యంత్రాలకు మూడు మీటర్లు కూడా అక్కర్లేదు. ఫోర్‌సైట్ జీసీక్వాడ్ లాంటివి బంతి క్లబ్‌ను వదిలిన మొదటి కొన్ని అంగుళాల్లోనే వరసగా ఫొటోలు తీసేస్తాయి. ఒక ఫొటోకూ ఇంకో ఫొటోకూ మధ్య బంతి మీది ఆనవాళ్లు ఎంత తిరిగాయో, ఎటు వాలుగా తిరిగాయో చూస్తే స్పిన్, ఇరుసు రెండూ ఒకేసారి దొరుకుతాయి. 3,000 ఆర్‌పీఎం అంటే మిల్లీసెకనుకు 18 డిగ్రీలు. మంచి కెమెరాకు ఇది చాలినంత కదలిక.

ఇక్కడ కూడా ఆనవాలు లేకపోతే కథ నడవదు. తెల్లటి బంతి, చెరిగిపోయిన లోగో, బాగా అరిగిన కవర్ అయితే కెమెరా ఏ బిందువును పట్టుకోవాలి? ఈ ప్రశ్నకు కంపెనీలు రకరకాల జవాబులిచ్చాయి. కొన్ని డింపుల్స్‌నే ఆనవాళ్లుగా చదివే స్థాయికి వెళ్లాయి. యునీకోర్ యంత్రాలనే చూడండి: క్యూఈడీకి స్పిన్ చదవాలంటే గుర్తులున్న బంతి కావాలి, దాని పై తరగతి ఐ ఎక్స్ఓకు అక్కర్లేదు, డింపుల్స్ చాలు. కొన్ని యంత్రాలు లోగో ఫలానా వైపు ఉండేలా బంతిని పెట్టమంటాయి. రాప్సోడో 2023లో తెచ్చిన ఎమ్ఎల్ఎమ్2ప్రో మధ్యే మార్గం పట్టింది. వేగానికి రాడార్, స్పిన్‌కు కెమెరా. ఆ కెమెరా కోసం క్యాలవే క్రోమ్ సాఫ్ట్ ఎక్స్ బంతి మీద ఆర్‌పీటీ అనే ప్రత్యేక ముద్ర వేయించారు. ఆ ముద్ర ఉంటే స్పిన్‌ను కొలుస్తుంది, లేకపోతే అంచనా వేస్తుంది.

ముద్ర అంటే ఏదో ఒక డిజైన్ వేసేస్తే సరిపోదు. ఒకే ఆకారం సమాన దూరాల్లో మళ్లీ మళ్లీ వస్తే, బంతి 40 డిగ్రీలు తిరిగిందా, ఇంకో ఆకారం ఆ చోటుకు వచ్చేదాకా తిరిగిందా అని సాఫ్ట్‌వేర్ తికమకపడుతుంది. ఫొటోల మధ్య వ్యవధి ఎక్కువైనా ఇదే గొడవ. 9,300 ఆర్‌పీఎం వెడ్జ్ షాట్ మిల్లీసెకనుకు 56 డిగ్రీలు తిరుగుతుంది. ఐదు మిల్లీసెకన్ల తేడాతో తీసిన రెండు ఫొటోల్లో 280 డిగ్రీలు. చూసే కంటికి అది వెనక్కి 80 డిగ్రీలు తిరిగినట్టూ ఉంటుంది. అంటే రాడార్‌కు కష్టమైంది తక్కువ స్పిన్ డ్రైవర్ అయితే, నెమ్మది కెమెరాకు కష్టమైంది ఎక్కువ స్పిన్ వెడ్జ్. అందుకే మంచి ముద్రలో ఏ రెండు చోట్లూ ఒకేలా ఉండవు. ఏ భాగం కనిపించినా అది బంతి మీద ఎక్కడిదో చెప్పగలగాలి.

మార్కర్ పెన్నుతో సొంతంగా గీతలు గీసుకునేవాళ్లూ ఉన్నారు. కొన్ని కెమెరాలకు అది నిజంగానే సాయం చేస్తుంది, కొన్నిటికి చేయదు. ప్రయత్నించడానికి పోయేదేమీ లేదు. పోయేది ఒక్కటే, తెర శుభ్రత. సిరా ఆరకముందే కొడితే తెల్లటి తెర మీద నల్ల మచ్చలు పడతాయి.

ఇప్పుడు మొదట్లో చెప్పిన గందరగోళానికి వద్దాం. ఆర్‌సీటీ బంతిని పూర్తిగా కెమెరాతోనే పని చేసే యంత్రం ముందు పెడితే దానికి కనిపించేది మామూలు ప్రో వీ1. లోపలి గుర్తు దాని కంటికి ఆనదు. అలాగే సిరాతో వేసిన ముద్ర రాడార్‌కు కనపడదు. కాబట్టి బంతి కొనే ముందు తెలుసుకోవాల్సింది ఒకటే, మీ యంత్రం స్పిన్‌ను దేనితో చదువుతుంది అని. రాడారూ కెమెరా రెండూ ఉన్న యంత్రాలు ఎక్కువవుతున్నాయి కాబట్టి ‘నాది రాడార్ యంత్రం’ అనుకుంటే సరిపోదు. వేగం రాడార్‌తో, స్పిన్ కెమెరాతో చదివే యంత్రానికి ఆర్‌సీటీ కొనడం దండగ.

బంతి తీర్చలేని లోపాలు

స్పిన్‌ను ఎంత కచ్చితంగా కొలిచినా గదిలో క్యారీ దూరం (నేలను తాకేదాకా బంతి గాలిలో వెళ్లేది) ఇప్పటికీ లెక్కే. వేగం, కోణం, స్పిన్ తెలిశాక సాఫ్ట్‌వేర్ ఒక ‘సాధారణ’ బంతి గాలిలో ఎలా ఎగురుతుందో చెప్పే నమూనాలో వాటిని వేస్తుంది. మీరు వాడుతున్న బంతి డింపుల్స్ ఆ నమూనాలోని బంతికి తేడాగా ఉంటే, అసలు దూరం వేరేగా ఉంటుంది. ఒకే వేగం, ఒకే స్పిన్‌తో వెళ్లిన రెండు రకాల బంతులు ఆరుబయట ఒకే చోట పడాలని లేదు. గాలి ఉష్ణోగ్రత, సముద్రమట్టం నుంచి ఎత్తు కూడా సెట్టింగ్స్‌లో మీరు పెట్టినవే. వాటిని ఎప్పుడో పెట్టి మరచిపోయినవాళ్లే ఎక్కువ.

దిశ విషయంలో అయితే బంతి కంటే యంత్రాన్ని పెట్టిన తీరే పెద్ద దోషి. రాడార్‌ను లక్ష్యానికి ఒక డిగ్రీ పక్కకు పెడితే 250 గజాల దగ్గర అది నాలుగు గజాలకు పైనే తేడా. ఇరుసు వాలు గురించి తల బద్దలు కొట్టుకునే ముందు యంత్రం కింద మట్టం సరిగ్గా ఉందా, లక్ష్యం గీతకు సూటిగా ఉందా అని చూసుకోవడం మేలు. దీనికి ఖర్చు కూడా ఉండదు.

రాడార్ వాడేవాళ్లు గదిని కూడా కాస్త గమనించాలి. తిరిగే ఫ్యాన్ కూడా కదిలే వస్తువే, దానికీ డాప్లర్ ఉంటుంది. వెలుగుతున్న ట్యూబ్‌లైట్ లోపలి వాయువు రాడార్ తరంగాలను ఊగిసలాడేలా ప్రతిఫలిస్తుంది. ఇనుప షెల్ఫులు, లోహపు తలుపులు ప్రతిధ్వనిని రెండు దారుల్లో వెనక్కి పంపుతాయి. బలహీనమైన స్పిన్ సంకేతం వీటన్నిటి మధ్య వినపడాలి. లోహపు గుర్తున్న బంతి ఈ గోలలో కొంచెం గట్టిగా అరుస్తుంది, అంతే, గోలను ఆపలేదు.

ఇంకో సంగతి, నా దృష్టిలో ఇదే అన్నిటికంటే ముఖ్యం. మైదానంలో ఏ బంతితో ఆడుతున్నారు? ఎప్పుడూ గట్టి కవర్ ఉన్న రెండు పొరల బంతితో ఆడే మనిషి, గదిలో మాత్రం యురేథేన్ కవర్ ఉన్న ఆర్‌సీటీ బంతితో వెడ్జ్‌లు సాధన చేస్తే, యంత్రం చాలా కచ్చితంగా కొలిచేది ఆయన ఎప్పుడూ ఆడని బంతి స్పిన్‌ను. తెర మీద గ్రీన్‌పై (గుంట చుట్టూ ఉండే నున్నటి పచ్చికపై) చక్కగా ఆగిన షాట్ మైదానంలో దొర్లుకుంటూ వెనక అంచు దాటిపోతుంది. కొలతలో తప్పు లేదు, కొలిచిన వస్తువే వేరు. అలాంటివాళ్లకు ప్రత్యేక బంతి కొనడం కంటే, తాము ఆడే బంతికే లోహపు చుక్క అంటించుకోవడం నిజాయితీగల కొలత. మైదానంలోనూ ప్రో వీ1 రకమే ఆడేవాళ్లకు ఆర్‌సీటీ అచ్చంగా సరిపోతుంది.

సరదాగా స్నేహితులతో సిమ్యులేటర్‌లో ఒక రౌండ్ ఆడేవాళ్లకు ఈ గొడవంతా అనవసరం. అంచనా స్పిన్‌తో ఆట బ్రహ్మాండంగా సాగుతుంది, కొన్నిసార్లు నిజం కంటే బాగా కూడా! షాఫ్ట్ (క్లబ్ కాడ) మార్చాలా, డ్రైవర్ లాఫ్ట్ (ముఖం వెనక్కి వాలిన కోణం) ఎంత ఉండాలి, ఏ వెడ్జ్‌తో ఎంత దూరం లాంటి నిర్ణయాలు ఆ నంబర్ల మీద తీసుకునేవాళ్లకే ఇది కావాలి. డ్రైవర్ ఫిట్టింగ్‌లో (తనకు తగిన క్లబ్‌ను ఎంచే పరీక్షలో) స్పిన్ కొలిచారా, అంచనా వేశారా అని అడగని ఆటగాడు, తన స్వింగ్‌కు కాకుండా సగటు స్వింగ్‌కు క్లబ్ కొనుక్కునే ప్రమాదం ఉంది.

మీ యంత్రం కొలుస్తోందో ఊహిస్తోందో తేల్చుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. డ్రైవర్ ముఖం మీద పాదాలకు వాడే పౌడర్ స్ప్రే కొట్టండి, బంతి ఎక్కడ తగిలిందో మచ్చ పడుతుంది. టీని (బంతిని నిలబెట్టే చిన్న పుల్లను) ఎత్తుగా పెట్టి కొన్ని షాట్లు ముఖం పైభాగాన, టీని తగ్గించి కొన్ని కిందిభాగాన తగిలేలా కొట్టండి. మొదట మామూలు బంతితో, తర్వాత మీ యంత్రానికి తగిన గుర్తున్న బంతితో. పైన తగిలినవాటికి స్పిన్ స్పష్టంగా తగ్గాలి, కింద తగిలినవాటికి పెరగాలి. గుర్తున్న బంతితో ఆ తేడా కనిపించి, మామూలు బంతితో రెండు రకాల షాట్లకూ ఇంచుమించు ఒకటే నంబర్ వస్తే, ఇన్నాళ్లూ తెర మీద చూసిన డ్రైవర్ స్పిన్ అంచనా అన్నమాట. రెండు బంతులతోనూ తేడా ఒకేలా కనిపిస్తే మీ యంత్రానికి మామూలు బంతి చాలు, ఆ డబ్బులు మిగిలినట్టే. రెండిటితోనూ తేడా కనిపించకపోతే గది పొడవు, యంత్రం పెట్టిన దూరం, సెట్టింగ్స్‌లో ఎంచుకున్న బంతి రకం ఒకసారి చూసుకోండి. గుర్తున్న బంతి వాడుతున్నామని యాప్‌లో విడిగా చెప్పాల్సిన యంత్రాలు కూడా ఉన్నాయి.